ఏ పనికి ఏ ముద్ర?

మా తాత పుట్టినప్పుడు తిరువాలంగాడు ఉత్తరార్కాడు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే చిత్తూరు వాళ్ళమయ్యాం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణితో పాటు మమ్మల్నీ మద్రాసు రాష్ట్రంలో కలిపారు కాబట్టి చెంగల్పట్టు జిల్లా వాళ్ళమయ్యాం. 1997లో తిరువళ్ళూరు జిల్లా వచ్చింది. ఇన్ని మార్పులలోనూ మా ఇంటి పొయ్యి జాగా మారలేదు, వాకిట్లో వేపచెట్టూ కదల్లేదు. సరిహద్దులే మా మీదుగా నడిచి వెళ్ళాయి. ఎవరూ మమ్మల్ని వీసా అడగలేదు.

కాళ్ళతో నడిచి సరిహద్దు దాటేవాళ్ళ సంగతి వేరు. ఈ సంచికలో దాని గురించి రాయవలసి వచ్చింది.

మొన్న మార్గళి మాసంలో ఆరుద్రా దర్శనం రాత్రి వటారణ్యేశ్వరుడి గుడికి వెళ్ళాను. నటరాజస్వామి పంచ సభల్లో మాది రత్నసభ అని మీకు తెలిసిందే. ఆ రాత్రి అభిషేకం చూడడానికి వచ్చే జనంలో నిలబడడానికే చోటుండదు. ఆ తొక్కిసలాటలో మా వీధి కుర్రాడొకడు రెండు కెమెరాలు మెడలో వేసుకుని, ఎవరి కాలూ తొక్కకుండా, ఎవరి దర్శనానికీ అడ్డం రాకుండా ఫోటోలు తీస్తున్నాడు. వాడి పని చూస్తుంటే ముచ్చటేసింది. చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ చదివి వచ్చి, ఆరేళ్ళుగా ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ వాడే తీస్తున్నాడు. ముహూర్తాల రోజుల్లో తిరుత్తణి కొండమీద ఒక పెళ్ళి, కింద చత్రంలో ఇంకొకటి. అదిగాక, ద్రౌపదమ్మ గుళ్ళల్లో భారతం జరిగేటప్పుడు రాత్రంతా మేలుకుని వీధి నాటకాలు ఫోటోలు తీస్తాడు. దానికి వాడికెవరూ పైసా ఇవ్వరు.

మరునాడు పొద్దున్నే తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మామా, న్యూజెర్సీలో మనోళ్ళు రమ్మంటా ఉండారు. టూరిస్టు వీసా మింద వస్తే ఆరు నెలల్లో పన్నెండు పెండ్లిండ్లు ఇప్పిస్తారంట. అది కుదరకపోతే కువైట్‌కి ఫ్రీ వీసా ఉండాదని ఏజెంటు చెప్తా ఉండాడు. రెండున్నర లక్ష. ఏది మంచిది?"

వాళ్ళమ్మ నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "ఉన్న ముప్పావు ఎకరా కుదువ పెడదామని అన్నా. వాడి నైనా సంపాదించింది అదొకటే. నువ్వు సరేనంటే పెడతాను" అంది.

చెన్నైలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పాతికేళ్ళకు పైగా ఇతరుల కాగితాలు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఇలాంటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. కానీ ఆ ముప్పావు ఎకరా అన్న మాటతో నోరు పెగల్లేదు. దాని కారణం తర్వాత చెబుతాను.

మా ఊరికి పేరు తెచ్చిన రాగి శాసనాల సంగతి చాలామందికి తెలుసు. 1905లో దొరికాయి. ముప్పై ఒక్క రేకులు, వాటిని కలిపి కట్టిన వలయం, దాని మీద చోళ రాజముద్ర. రాజేంద్ర చోళుడి కాలానివి. ఆ ముద్ర చూసి మురిసిపోవడమే గాని రేకుల్లో ఏముందో అడిగేవాళ్ళు తక్కువ. పక్కనున్న పళైయనూరు గ్రామాన్ని మా గుడికి ఇచ్చారని అందులో ఉంది. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ హద్దుల వరకు ఇచ్చారు, అంతా వివరంగా రాశారు. ముద్ర విలువ ఆ రాతను బట్టే. పళైయనూరుకి రాసిన శాసనం చూపించి ఇంకో ఊరి పన్ను వసూలు చేసుకుంటానంటే ఒప్పుకునేవారా?

వీసా కూడా అంతే అని వాడికి చెప్పాను. పాస్‌పోర్టులో ముద్ర పడిందా లేదా అని కాదు, ఏ పనికి, ఎవరి దగ్గర, ఎన్నాళ్ళకు పడిందని చూడాలి.

ముందు అమెరికా సంగతి చూద్దాం. మనవాళ్ళు "టూరిస్టు వీసా" అనేది బి-1, బి-2 కలిపి ఇచ్చే సందర్శకుల వీసా. పదేళ్ళకు ఇస్తారు కనుక పదేళ్ళు ఉండొచ్చని కొందరి భ్రమ. వీసా అంటే అక్కడి విమానాశ్రయం తలుపు దాకా వెళ్ళడానికి అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్ళు ఉండాలో ఆ తలుపు దగ్గరున్న అధికారి తేలుస్తాడు, మామూలుగా ఆరు నెలల లోపు.

ఇందులో ఫోటోగ్రాఫర్లకు సంబంధించి ఒక చిత్రమైన వెసులుబాటు ఉంది, చాలామంది ఏజెంట్లకు కూడా తెలియదు. స్టిల్ ఫోటోగ్రాఫరు బి-1 మీద వెళ్ళి ఫోటోలు తీసుకోవచ్చునని అమెరికా విదేశాంగ శాఖ నిబంధనల్లోనే ఉంది. షరతు ఒక్కటే, అమెరికాలోని ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదు. అంటే తిరుత్తణి ఆసామి ఒకాయన, కొడుకు పెళ్ళి అమెరికాలో చేస్తూ, తన ఊరి ఫోటోగ్రాఫరుని వెంట తీసుకువెళ్ళి, డబ్బు ఇక్కడే ఇచ్చుకుంటే, ఆ విషయం ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పి అడగవచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి చేతిలో ఉంటుంది. కానీ ఎడిసన్‌లో ఉన్న పెళ్ళికూతురి తండ్రి డాలర్లలో చేతికిస్తే అది ఈ కోవలోకి రాదు. పన్నెండు పెళ్ళిళ్ళ బేరం అస్సలు రాదు.

"ఆడ ఎవురికి తెలస్తాది మామా?" అన్నాడు.

వీసా దరఖాస్తు ఫారంలో గత ఐదేళ్ళుగా వాడుతున్న సోషల్ మీడియా పేర్లు రాయాలి, 2019 నుంచి అది తప్పనిసరి చేశారు. వీడి ఇన్‌స్టాగ్రామ్ తెరిపించి చూశాను. పైనే ఉంది, "వేసవిలో అమెరికా బుకింగులు మొదలు" అని, పక్కన విమానం బొమ్మతో. జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేటులో కూర్చున్న అధికారికి ఇంకేం సాక్ష్యం కావాలి? అక్కడ తప్పించుకున్నా దిగిన చోట సూట్‌కేసు విప్పుతారు. చుట్టం చూపుగా వచ్చిన వాడి దగ్గర రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ఫ్లాష్ లైట్లు, పన్నెండు పెళ్ళిళ్ళ తేదీలు రాసుకున్న డైరీ. అక్కడి నుంచే వెనక్కి పంపే ఉత్తర్వు ఇస్తే ఐదేళ్ళు అటు తొంగి చూడలేరు. అబద్ధం చెప్పి వీసా సంపాదించారని రాసుకుంటే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప పోదు. గడువు దాటి 180 రోజులకు మించి ఉండిపోతే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు నిషేధం. ఇరవయ్యెనిమిదేళ్ళ కుర్రాడికి పదేళ్ళంటే ఏమిటో మీరే ఆలోచించండి.

మరి అమెరికాలో ఏళ్ళ తరబడి ఫోటోలు తీసి బతకాలంటే దారేది? మన ఇళ్ళల్లో అమెరికా అనగానే హెచ్-1బి. ఫోటోగ్రాఫరుకి అది దాదాపు కుదరదు. ఆ ఉద్యోగానికి ఫలానా శాస్త్రంలో డిగ్రీ ఉండి తీరాలని నిరూపించాలి. ఫోటోలు తీయడానికి డిగ్రీ తప్పనిసరి అంటే ఎవరు నమ్ముతారు? ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు మరో 20,000 అన్న కోటాలో లాటరీ తగలాలి. చాలదన్నట్టు 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ళ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన తెచ్చారు. ఏ స్టూడియో యజమాని కడతాడు?

ఫోటోగ్రాఫర్లకు తగిన వీసా ఓ-1. కళల్లో విశిష్టత సాధించినవారికి ఇచ్చేది. మొదట మూడేళ్ళ వరకు ఇస్తారు, ఆపైన ఏడాది చొప్పున పొడిగిస్తారు. మనంతట మనం అడుక్కోవడం కుదరదు. అక్కడి యజమాని గాని, అక్కడి ఏజెంటు గాని మన తరఫున దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ ఏజెంటు అంటే మన బస్టాండు ఏజెంటు కాదు, కళాకారుడి పనులు కుదిర్చి బాధ్యత వహించే అమెరికా వ్యక్తి లేక సంస్థ. నలుగురైదుగురి దగ్గర పని ఉన్నప్పుడు ఈ ఏజెంటు పద్ధతే నయం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పనిచేస్తామో జాబితా ఇవ్వాలి, ఒప్పందాలు చూపాలి. అదే రంగంలోని సంఘం నుంచి అభిప్రాయ పత్రం తేవాలి. భార్యాబిడ్డలు వెంట వెళ్ళొచ్చు గాని భార్య ఉద్యోగం చేయకూడదు. యజమాని మధ్యలో తీసేస్తే తిరుగు ప్రయాణ ఖర్చు ఆయనదే అన్న నియమం ఉండడం ఒక ధైర్యం.

విశిష్టత అంటే ఏమిటి? నోబెల్ బహుమతి అక్కర్లేదు. ప్రదర్శనల్లో ముఖ్యపాత్ర, పత్రికల్లో మన పని గురించి వచ్చిన వ్యాసాలు, పేరున్న సంస్థలకు చేసిన పని, తెలిసిన పెద్దల లేఖలు, తోటివారికన్నా ఎక్కువ పారితోషికం తీసుకుంటున్నట్టు రుజువు - ఇటువంటి ఆరు రకాల్లో కనీసం మూడు చూపించాలి. వీడి ఆరేళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లు ఒక పక్క, ఎవరూ డబ్బివ్వని ఆ వీధి నాటకాల ఫోటోలు ఒక పక్క పెట్టి చూస్తే, రెండో దానికే బరువెక్కువని నాకు తోచింది. ద్రౌపది వేషం వేసిన వృద్ధుడు తెల్లవారుజామున రంగు కడుక్కుంటున్న ఫోటో ఒకటుంది. ఎవరు చూసినా ఆగిపోతారు. వాడేమో దాన్ని ఫోన్‌లో ఒక మూల దాచుకున్నాడు, పెళ్ళివాళ్ళకు చూపిస్తే బాగుండదట!

(కూచిపూడి, హరికథ బృందాలు వెళ్ళే పి-3 వీసా మీద ఫోటోగ్రాఫరు కూడా దూరిపోవచ్చునని ఎవరో చెప్పారట వాడికి. అది సాంస్కృతిక ప్రదర్శన ఇచ్చేవారికీ, వారికి విడదీయరాని సహాయకులకూ ఉద్దేశించింది. మృదంగం వాయించని వాణ్ణి మృదంగ విద్వాంసుడని రాస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?)

ఇప్పుడు కువైట్ సంగతి. నోరు పెగలక పోవడానికి కారణం ఇదే.

1994లో మా బావమరిది కువైట్ వెళ్ళాడు. అరక్కోణంలో ఒక స్టూడియోలో పని నేర్చుకున్నాడు, చెయ్యి మంచిది. అక్కడ ఒక ఫోటో స్టూడియోలో ఉద్యోగమన్నారు. వీసా మాత్రం ఇంటి డ్రైవరుదని వచ్చింది. వాడికి సైకిలు తప్ప ఇంకేదీ తొక్కడం రాదు! "ఫ్రీ వీసా అంటే అంతే, పేరుకి అలా ఉంటుంది, పని ఎక్కడైనా చేసుకోవచ్చు" అన్నారు. మా అత్తగారి గాజులు నాలుగు, అర ఎకరం భూమి పోయాయి. టిక్కెట్టు మా ఆఫీసు నుంచి కొనిచ్చింది నేనే. ఆ అరబ్బీ కాగితంలో ఏముందో తెలిసినవాళ్ళను అడిగి ఉండాల్సింది. అడగలేదు. తొందరలో ఉన్నాం, వాడు సంతోషంగా ఉన్నాడు, సరే అనుకున్నాను.

అక్కడి చట్టం ప్రకారం ఇళ్ళల్లో పనిచేసేవారిది 20వ నిబంధన వీసా, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారిది 18వ నిబంధన వీసా. ఇరవై మీద వెళ్ళి పద్దెనిమిది పని చేస్తే, చేసిన ప్రతిరోజూ నేరమే. కాగితం మీద యజమానికి నెలనెలా కప్పం కట్టుకుంటూ, స్టూడియోలో పద్నాలుగు నెలలు చేశాడు. చివరి నాలుగు నెలల జీతం ఇవ్వలేదు. ఎవరికి చెప్పుకుంటాడు? కాగితం ప్రకారం ఆ స్టూడియోతో వాడికి సంబంధమే లేదు. ఒకరోజు తనిఖీ వచ్చింది. పదకొండు రోజులు నిర్బంధంలో ఉంచి, ఒంటి మీది బట్టలతో విమానమెక్కించారు. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా, రెండు లెన్సులు ఆ స్టూడియోలోనే ఉండిపోయాయి. మీనంబాకంలో దిగి వస్తుంటే చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంది. అందులో ఏముందో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఇప్పుడు వాడు మా పక్క ఊళ్ళో చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. ఎక్కువగా వచ్చేది వీసా ఫోటోల పనే. అమెరికాకైతే రెండంగుళాల చదరం, తెల్ల తెర, 2016 నుంచి కళ్ళద్దాలు తీయాలి, అంటూ వచ్చినవాళ్ళకు కంఠతా చెబుతాడు. భూమి మాత్రం తిరిగి రాలేదు.

అంచేత, కుర్రాడి తల్లి ముప్పావు ఎకరా అనగానే నాకు మా అత్తగారి చేతులు కనిపించాయి.

ఫ్రీ వీసా అన్న మాట ఏ దేశపు చట్టంలోనూ లేదు. వాడికి విషయం పూర్తిగా విడమరచి చెప్పాను. మన దేశంలో 1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్ళే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలి. ఆ లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, చెన్నైలోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగవచ్చు. లైసెన్సు ఉన్నవాడు కూడా తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జిఎస్‌టి. రెండున్నర లక్షలు అడిగినప్పుడే వాడి సంగతి తేలిపోయింది. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టుకి గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళేటప్పుడు వలస అనుమతి కావాలి. అది వేధింపు అనుకుంటాం గాని, ఒప్పందం కాగితాలు ఒకసారి ప్రభుత్వం కంట పడతాయి. పది లక్షల ప్రమాద బీమా కూడా వస్తుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. మావాడు డిగ్రీ చదివాడు కాబట్టి ఆ అనుమతి అక్కర్లేదు. అక్కర్లేదంటే ఎవరూ చూడరన్నమాట, తన కాగితాలు తనే చూసుకోవాలి.

గల్ఫ్ వద్దని నేను అనను. దుబాయి, అబుదాబి వైపు ఫోటోగ్రాఫర్లకు నిజాయితీ అయిన దారులు ఈ మధ్య పెరిగాయి. మొదటిది స్టూడియోలో ఉద్యోగం. ఒప్పంద పత్రంలో వృత్తి "ఫోటోగ్రాఫర్" అనే ఉండాలి. "సేల్స్‌మన్" అనో "హెల్పర్" అనో ఉంటే సంతకం చేయకండి. ఎమిరేట్స్ కార్మిక శాఖ 2016లో ఈ ఉద్యోగ ప్రతిపాదన పత్రాలను కార్మికుడి భాషలో కూడా ఇవ్వాలని పెట్టి, పదకొండు భాషల్లో నమూనాలు తయారుచేసింది. అందులో తమిళం ఉంది, తెలుగు లేదు. ఎప్పుడూ మొత్తుకుంటూ ఉంటాం గాని, మా తిరువళ్ళూరు తెలుగువాళ్ళకి తమిళ బడి చదువు ఇలా అక్కరకొచ్చింది! "ముందు విజిట్ వీసా మీద రా, తర్వాత మార్చుతాం" అని, వచ్చిన మర్నాడే పనిలో పెట్టేవాళ్ళున్నారు. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా 2024లో లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా పెంచారు. జరిమానా యజమానికే గాని, విమానం ఎక్కించేది మనవాణ్ణి.

రెండోది గ్రీన్ వీసా, 2022లో తెచ్చారు. ఐదేళ్ళు, పూచీదారు ఎవరూ అక్కర్లేదు, సొంతంగా పని చేసుకోవచ్చు. ఫ్రీలాన్స్ పర్మిట్ తీసుకోవాలి, డిగ్రీ గాని ప్రత్యేక డిప్లొమా గాని ఉండాలి, గత రెండేళ్ళ స్వయం ఉపాధి ఆదాయం 3,60,000 దిర్హాములకు తగ్గకుండా చూపాలి లేదా తగిన ఆస్తి చూపాలి. మా కుర్రాడికి ఆదాయం అంత లేదు. ఇంకా దారుణం, ఉన్నదానికి కూడా లెక్కలు లేవు. ఆరేళ్ళలో ఒక్క ఏడాదే ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేశాడు. పెళ్ళివాళ్ళు చేతికిచ్చిన నోట్లకు రసీదులుంటాయా!

అక్కడ ఇంకో విషయం. అనుమతి లేకుండా మనుషుల ఫోటోలు తీయడం, పంచడం నేరం, 2021 నాటి చట్టంలో స్పష్టంగా ఉంది. ఇక్కడిలా పందిట్లో ఎవరినిబడితే వాళ్ళను తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడానికి లేదు. ఆడవాళ్ళ పెళ్ళి విందులకు ఆడ ఫోటోగ్రాఫర్లనే పిలుస్తారు. ఈ పని నేర్చుకున్న ఆడపిల్లలున్న ఇళ్ళవారు ఈ మాట గుర్తుంచుకోండి.

యూరపు వైపు రెండు మాటలు. బ్రిటన్‌లో గ్లోబల్ టాలెంట్ వీసా ఉంది. కళలకు ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ సిఫారసు చేయాలి. ఐదేళ్ళ వరకు ఇస్తారు, యజమానితో పనిలేదు, మూడేళ్ళకో ఐదేళ్ళకో స్థిర నివాసం అడగవచ్చు. అక్కడా చూసేది ప్రదర్శనలు, ప్రచురణలే, పెళ్ళి ఆల్బమ్‌లు కాదు. జర్మనీలో స్వతంత్ర వృత్తుల వారికి వాళ్ళ నివాస చట్టం 21వ సెక్షన్ కింద అనుమతి దొరుకుతుంది. కళాత్మకంగానో పత్రికలకోసమో తీసేవాణ్ణి స్వతంత్ర వృత్తిదారుగా, పెళ్ళిళ్ళు తీసేవాణ్ణి వ్యాపారిగా లెక్కేస్తారు. ఏ గడిలో పడతామన్నదాన్ని బట్టి కాగితాలు మారిపోతాయి. 45 దాటినవాళ్ళు వృద్ధాప్యానికి ఏర్పాటుందని చూపాలి. కెనడాలో కళాకారులకు స్వయం ఉపాధి పథకమొకటి బాగుండేది, ఫోటోగ్రాఫర్లూ దాని కింద వెళ్ళేవారు. 2024 ఏప్రిల్ 30 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపారు. "కెనడా గ్యారంటీ" అని ఆ పథకం పేరు చెప్పి డబ్బు అడిగితే ఆ తేదీ గుర్తు చేయండి.

ఈ పత్రిక చదివే చాలా ఇళ్ళల్లో పిల్లలు అమెరికాలో సాఫ్ట్‌వేరులో ఉన్నారు. వాళ్ళకోసం ఒక మాట. శని, ఆదివారాలు మనవాళ్ళ సీమంతాలకు, ఓణీ ఫంక్షన్లకు కెమెరా పట్టుకుని వెళ్ళి నాలుగు డబ్బులు చేసుకునే అబ్బాయిలు చాలామందే. హెచ్-1బి మీద ఉన్నవాడు ఏ కంపెనీ దరఖాస్తు పెట్టిందో ఆ కంపెనీ పని మాత్రమే చేయాలి. స్నేహితుడి పాప పుట్టినరోజుకు ఊరికే తీసిపెడితే ఎవరూ ఏమనరు. వెబ్‌సైటు పెట్టి, రేట్లు వేసి, డబ్బు తీసుకుంటే స్థితి ఉల్లంఘన. పదేళ్ళు గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి, దీనికోసం ఆ వరుస పాడుచేసుకోవాలా? భార్య హెచ్-4 మీద ఉండి, భర్త ఐ-140 మంజూరై ఉంటే, 2015 నుంచి ఆమె పని అనుమతి తెచ్చుకోవచ్చు, సొంత వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు. ఆ ఇంట్లో కెమెరా ఆవిడ చేతిలో ఉండడం చట్టానికీ, చాలాసార్లు ఫోటోలకీ కూడా మంచిది.

అలాగే అక్కడ పెళ్ళి చేసే పెద్దలూ, ఊరి కుర్రాడు చవగ్గా వస్తాడని "టూరిస్టు మీద వచ్చేయ్" అనకండి. దొరికితే మీకు పోయేది ఆల్బమ్, వాడికి పోయేది పాస్‌పోర్టు.

ఏ దేశమైనా బయల్దేరే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. విలువైన కెమెరాలు తీసుకెళ్ళేవాళ్ళు ఇక్కడి విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి, సీరియల్ నంబర్లతో ఎగుమతి సర్టిఫికెట్టు రాయించుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన కెమెరాకే మనం సుంకం కట్టుకోవాల్సి వస్తుంది. దీనికి ఒక గంట ముందు వెళ్ళాలి, అంతే. డిగ్రీ సర్టిఫికెట్లకు 2005 నుంచి అపోస్టిల్ పద్ధతి వచ్చింది గాని, ఎమిరేట్స్, కువైట్ ఆ ఒప్పందంలో లేవు. వాటికి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆపైన ఆ దేశపు కార్యాలయం, మూడు చోట్లా ముద్రలు పడాలి. నెలలు పడుతుంది, టిక్కెట్టు కొన్నాక మొదలుపెట్టే పని కాదు. కెమెరా ఎవరిదో, యజమానిదా మనదా, తీసిన ఫోటోల మీద హక్కు ఎవరిదో ఒప్పందంలో రాయించుకోండి. మా బావమరిది నికాన్ సంగతి చదివారు కదా.

ఆ రోజు తల్లీకొడుకులకు ఇదంతా చెప్పేసరికి పన్నెండయింది. వాడి మొహం చిన్నబోయింది. ఇన్ని ఊళ్ళు చెప్పి ఒక్క ఊరికీ దారి చూపలేదని వాడి బాధ. వాళ్ళమ్మ మాత్రం మా ఆవిడ దగ్గర కాఫీ అడిగి తాగింది. వచ్చినప్పుడు వద్దంది.

నెల తర్వాత మళ్ళీ వచ్చాడు, ఒక అట్ట ఫైలుతో. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేశాడు. ఏజెంటుకి వద్దన్నాడు. పేరు ఈ-మైగ్రేట్‌లో లేదట. న్యూజెర్సీ వాళ్ళకు ఫోన్ చేసి, రాలేనని చెప్పాడు. వాళ్ళకు కోపం వచ్చింది. వీధి నాటకాల ఫోటోలు నలభై ఎంచి చెన్నైలో ఒక ప్రదర్శనకు పంపాడు, ఇంకా జవాబు రాలేదు. షార్జాలో ఒక స్టూడియో నుంచి ఉద్యోగ ప్రతిపాదన వచ్చింది, వృత్తి దగ్గర ఫోటోగ్రాఫర్ అనే ఉంది గాని జీతం తక్కువ. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. నేనూ తొందరపెట్టలేదు.

ఫైల్లో అడుగున ఒక కాగితం ఉంది. ఆ ద్రౌపది వేషధారి నాటక బృందం వాళ్ళు వాడి పని గురించి తమిళంలో రాసిచ్చిన ప్రశంసాపత్రం. అమెరికా దరఖాస్తులో పెట్టాలంటే దీనికి ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువదించినవాడు తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సరిగా ఉందని రాసి సంతకం చేయాలి. "ఎవురి దగ్గర చేయించేది మామా?" అన్నాడు.

కళ్ళద్దాలు తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి వాక్యంలో "కూత్తు" అన్న మాటకు ఇంగ్లీషులో ఏం రాయాలో ఆలోచిస్తున్నాను.